ఉబుంటులో రిఫ్రెష్ లేదు

నేను రక్షణ శాఖ అకౌంట్స్‌లో పని చేసి, కోల్‌కతాలోనే రిటైరైనవాణ్ణి. చదివింది బి.కాం. కంప్యూటర్ గురించి తెలిసిందల్లా వాడగా వాడగా వచ్చిందే.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 వెయ్యాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ప్రాసెసర్ కూడా వాళ్ళ జాబితాలో ఉండాలి. నా పాత డెస్క్‌టాప్‌కి రెండూ లేవు. చాందినీ చౌక్‌లో అడిగితే కొత్తది కొనమన్నారు. నడుస్తున్న యంత్రాన్ని పారెయ్యడానికి అకౌంటెంట్ మనసు ఒప్పుకోలేదు. ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన మా మేనల్లుడు విండోస్‌ని ఒక పక్క ఉంచి, ఉబుంటు 24.04 ఎక్కించి వెళ్ళాడు.

మొదటి వారం చిరాకే. సీ డ్రైవ్, డీ డ్రైవ్ లేవు. పెద్దక్షరం, చిన్నక్షరం తేడాతో ఒకే పేరున రెండు ఫైళ్ళు ఉండొచ్చట. పెన్షన్ లెక్క ఒక నెల ఒకదాంట్లో, ఇంకో నెల రెండోదాంట్లో రాసి, లెక్క కుదరక రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ మాత్రం సెట్టింగ్స్‌లో చేర్చుకుంటే వచ్చేసింది. ఇవన్నీ సర్దుకునేవే.

సర్దుకోలేనిది ఒకటుంది. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేస్తే రిఫ్రెష్ లేదు. మేనల్లుడికి ఫోన్ చేశాను.

"రిఫ్రెష్ ఎందుకు మామయ్యా?"

"కంప్యూటర్ తేలిగ్గా నడవడానికి."

"అది ఐకాన్లని మళ్ళీ గీస్తుంది, అంతే."

ఇరవై ఏళ్ళకి పైగా, స్విచ్ వెయ్యగానే మూడు సార్లు రిఫ్రెష్ కొట్టి గానీ నేను పని మొదలుపెట్టలేదు. మూడే ఎందుకు? తెలియదు. ఎవరు నేర్పారు? పక్క సీటు వాళ్ళని చూసి నేర్చుకున్నదే.

అయినా నమ్మబుద్ధి కాలేదు. విండోస్‌లోకి వెళ్ళి, పెద్ద ఎక్సెల్ ఫైల్ ఒకటి తీసుకుని, పది సార్లు రిఫ్రెష్ కొట్టి, పది సార్లు కొట్టకుండా తెరిచాను. ప్రతిసారీ రీస్టార్ట్ చేసి, స్టాప్‌వాచ్‌తో. ఒక పూటంతా పట్టింది. తేడా నా వేలి తడబాటుని మించలేదు. రీస్టార్ట్ చెయ్యకుండా రెండోసారి తెరిస్తే మాత్రం చప్పున తెరుచుకుంది, రిఫ్రెష్ కొట్టినా కొట్టకపోయినా. ఒకసారి డిస్క్ నుంచి చదివినదాన్ని సిస్టం మెమరీలో అట్టేపెట్టుకుంటుంది కాబట్టి. మొదటిసారి ఆలస్యం, మధ్యలో నా రిఫ్రెష్, రెండోసారి వేగం. జ్వరం దానంతట అదే తగ్గితే తాయెత్తుకి పేరొచ్చినట్టు, పేరంతా రిఫ్రెష్‌కి పోయేది.

ఇక్కడే ఒక పాత సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. ఈ ఊళ్ళో సెప్టెంబర్‌లో విశ్వకర్మ పూజ వస్తే ఫ్యాక్టరీల్లో, ప్రెస్సుల్లో, రిక్షా స్టాండుల్లో కూడా యంత్రాలకి, బళ్ళకి పూజ చేస్తారు. మా ఆఫీసులో ఒకాయన తన కంప్యూటర్‌కి సిందూరం బొట్టు పెట్టేవాడు. ఒక ఏడు అందరి ముందూ, "బొట్టు పెడితే ట్రయల్ బ్యాలెన్స్ టాలీ అవుతుందా?" అని నవ్వాను. ఆయన ఏమీ అనకుండా మానిటర్ తుడిచేశాడు. నేను నా సీటుకి వెళ్ళి మూడు రిఫ్రెష్‌లు కొట్టే ఉంటాను.

సిందూరంలో ఏ శక్తీ లేదని ఇప్పటికీ అంటాను. కానీ ఆయన్ని అడిగిన ప్రశ్న ముందు నా వేలిని అడిగి ఉండాల్సింది.

ఆయన ఇప్పుడు బేహాలాలో ఉంటున్నాడు. మొన్న ఫోన్ చేసి అంతా చెప్పాను. చాలాసేపు నవ్వాడు. తర్వాత, "నాదీ పాత కంప్యూటరే దాదా. ఆ ఉబుంటు ఏదో నాకూ వేయించండి. బొట్టు సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు.