ముళ్ళకంపకి ఒక పిక్సెల్

ఉపగ్రహ చిత్రంలో దట్టమైన అడవి ముదురెరుపు. పచ్చటి పొలం ఇంకో ఎరుపు. మా కడప జిల్లా ముళ్ళకంపలు మాత్రం ఏ రంగూ కావు. బూడిదలో అక్కడక్కడా ఎర్రటి చుక్కలు, అంతే. ఆ రంగులు చూసి నేలకి పేర్లు పెట్టడమే నా ఉద్యోగం. జాబితాలో కంప నేలకున్న పేరు 'పొదలతో కూడిన బంజరు'. ఒక్క క్లిక్కు.

కలివికోడి ఉన్నది ఆ బంజర్లోనే. 1848లో పుస్తకాలకెక్కింది, 1900 తర్వాత జాడలేదు, ఇక లేదనుకున్నారు. 1986లో రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ కనుక్కున్నారు. (ఈ 'కనుక్కోవడం' అనే మాట మీద నాకు కొంచెం కినుక. అక్కడివాళ్ళకి అది ముందునుంచీ కలివి పొదల్లో తిరిగే కోడే.)

రాత్రిపూట తిరిగే పిట్ట, ఓ పట్టాన కనపడదు. అందుకని పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తర్వాత అడుగుల కోసం వెతికారు. అడుగులు పడ్డచోట పొదలెన్ని, ఎంతెత్తు అని లెక్కగట్టారు. ఆ లెక్కని ఉపగ్రహ చిత్రాలతో కలిపి, అలాంటి నేల ఇంకెక్కడెక్కడ ఉందో చూశారు. 2004లో అచ్చయిన ఆ పరిశోధన చదివి ముచ్చటపడ్డాను. అంత ఎత్తునున్న కెమెరాకి చూపు నేర్పింది గుప్పెడు మట్టి!

తేలిందేమిటంటే, ఈ పిట్టకి చిక్కటి అడవీ వద్దు, బోడి నేలా వద్దు. హెక్టారుకి 2 మీటర్లు దాటిన పొదలు 300 నుంచి 700 దాకా ఉండాలి, చిన్న పొదలు 1000 లోపే ఉండాలి. అంటే పరిగెత్తడానికి సందులు కావాలి.

ఫోన్లో ఈ సంగతి మా అబ్బకి చెప్పా. మేకలు మేపే మనిషి.

"ఆ సందులు యాడ్నుంచి వచ్చినాయనుకుంటివి? జీవాలు తినబట్టే గదరా."

"మరీ ఎక్కువ తింటే?"

"తింటే యాముంటాది, మన్ను."

మోడల్లో వాననీ, వాలునీ, పచ్చదనాన్నీ తేలిగ్గా పెట్టొచ్చు. అబ్బ మేకలు ఎన్నిసార్లు ఆ దారిన పోయాయన్నది ఏ చిత్రంలోనూ ఉండదు. అలాగని పటాన్ని తీసిపారెయ్యను. తెలుగుగంగ కాలువ ఆ పిట్ట తావుల్లోకి వచ్చినప్పుడు దారి మార్చాల్సొచ్చింది. 'ఇదిగో, ఇక్కడ' అని చూపించలేకపోతే అలాంటి వాదన ఎక్కడ నిలుస్తుంది? కంప కొట్టేసి నిమ్మతోట వేస్తే పైనుంచి చక్కటి పచ్చదనమే కనిపిస్తుంది, పిట్టకి మాత్రం చోటుండదు.

ఈమధ్య నేను రిమార్క్సు గడిలో 'మేత భూమి' అని కూడా రాస్తున్నా. ఎవరైనా చదువుతారో లేదో.

"అయితే మీవాళ్ళు ఆడ కంచె ఏస్తారా ఏంది?" అనడిగాడు అబ్బ.

వెయ్యరని చెప్పలేకపోయా.