కూల్చిందీ... ఎగరేసిందీ ఆ కొండే!

ఉదయం తొమ్మిదిన్నర. హిమాచల్‌ప్రదేశ్‌లోని బిల్లింగ్ కొండ అంచు. సముద్రమట్టానికి దాదాపు 2,400 మీటర్ల ఎత్తు. గడ్డివాలు మీద ఎరుపు, పసుపు, నీలం రంగుల పారాగ్లైడర్లు పరిచి ఉన్నాయి. విజయవాడ నుంచి వచ్చిన పద్నాలుగు మందిలో ఎనిమిది మంది హెల్మెట్లు పెట్టుకుని, పట్టీలు బిగించుకుని సిద్ధంగా ఉన్నారు. మిగతా ఆరుగురి చేతుల్లో కెమెరాలు. అందరి చూపూ పైలట్ల మీదే. పైలట్ల చూపు మాత్రం కొండకొమ్మున కర్రకు కట్టిన గుడ్డపీలిక మీద! అది ఒకసారి ఇటు, మరోసారి అటు కొట్టుకుంటోంది. అరగంట చూశారు. గంట చూశారు. ‘ఈ రోజు ఎగరలేం’ అని తేల్చేశారు.

ఇంతదూరం వచ్చి ఎగరకుండా పోవడమా? కుర్రకారు మొహాలు మాడిపోయాయి. అయితే పైలట్ల మాటకు అర్థమేమిటో వాళ్లు అంతకు నాలుగు రోజుల కిందటే చూశారు. కాంగ్రాలో... పడిపోయిన గోడల మధ్య!

గోడలా నిలబడ్డ మంచుకొండ

హిమాచల్ అనగానే మనవాళ్లకు సిమ్లా, కులు, మనాలీ గుర్తొస్తాయి. కాంగ్రా లోయ పేరు విన్నవాళ్లు తక్కువే. పఠాన్‌కోట్ దాటి కాస్త లోపలికి వెళ్తే చాలు, ఉత్తరాన ధౌలాధార్ పర్వతాలు కనిపిస్తాయి. ‘తెల్లని శ్రేణి’ అని ఆ పేరుకు అర్థం. మామూలుగా హిమాలయాలు చిన్న కొండలు, పెద్ద కొండలు, ఆపైన మంచుకొండలు అన్నట్లు మెట్లు మెట్లుగా లేస్తాయి. ఇక్కడలా కాదు. వరిపొలాలూ తేయాకు తోటలూ ఉన్న లోయలోంచి ఒక్కసారిగా నాలుగు వేల మీటర్లకు పైన ఉన్న శిఖరాలు గోడ కట్టినట్లు లేస్తాయి. ఆ గోడే ఈ లోయ అందం. దాని కష్టం కూడా అదే.

ఒకే కాలనీలో ఉండే నాలుగు కుటుంబాలు కలిసి వేసుకున్న ప్రయాణమిది. పదో తరగతి పిల్లాడి దగ్గర్నుంచి రిటైరైన మాస్టారి దాకా అందరూ ఉన్నారు. పిల్లలకు పారాగ్లైడింగ్ కావాలి, మాస్టారికి కోటలు కావాలి, ఆడవాళ్లకు గుళ్లు కావాలి. ఈ మూడూ ఒకేచోట దొరికేది కాంగ్రాలోనే అని తేలింది.

కోట ఎవరిదైతే...

బాణగంగ, మాంఝీ నదులు కలిసేచోట, నిట్టనిలువు లోయల మీద నిలబడింది కాంగ్రా కోట. పాత పేరు నగర్‌కోట్. కటోచ్ వంశపు రాజులది. ఈ కోట చేతిలో ఉంటే చుట్టుపక్కల కొండరాజ్యాలన్నీ చేతిలో ఉన్నట్లే. అందుకే దీని మీద కన్నువేయని వాడు లేడు. 1009లో ఘజనీ మహమ్మద్ దోచుకుపోయాడు. పద్నాలుగో శతాబ్దంలో ఫిరోజ్‌షా తుగ్లక్ దండెత్తాడు. అక్బర్‌కు దక్కని కోటను నెలల తరబడి ముట్టడించి 1620లో జహంగీర్ సేనలు పట్టుకున్నాయి. 1786లో సంసార్‌చంద్ మళ్లీ తన వంశానికి సంపాదించాడు. గూర్ఖాలు చుట్టుముడితే రంజిత్‌సింగ్ సాయం కోరాల్సి వచ్చింది. ఆ సాయానికి మూల్యంగా 1809లో కోట రంజిత్‌సింగ్ చేతికి పోయింది. 1846లో ఆంగ్లేయులు వచ్చారు.

లోపలికి నడుస్తుంటే ఈ చరిత్రంతా ద్వారాల పేర్లలోనే కనిపిస్తుంది. రంజిత్‌సింగ్ ద్వారం, జహంగీరీ దర్వాజా, గంగా యమునల విగ్రహాలున్న దర్శనీ దర్వాజా... ఒక్కొక్కరు ఒక్కో తలుపు పెట్టుకుంటూ పోయారు. పైకి చేరాక మాత్రం ద్వారాలు కాపాడిన రాజమందిరాలు లేవు. లక్ష్మీనారాయణ ఆలయానిది వెనకగోడ మిగిలింది. దాని మీద తీగలూ పూలూ చెక్కిన పనితనం చూస్తే గుడి మొత్తం ఎలా ఉండేదోనని మనసు చివుక్కుమంటుంది.

‘ఇంతమంది రాజులు కొడితే కూలదా మరి?’ అన్నాడు పదో తరగతి అబ్బాయి.

‘రాజులు కాదు నాయనా, భూమి కదిలింది’ అన్నారు మాస్టారు.

ఆ ఏప్రిల్ ఉదయం

1905 ఏప్రిల్ 4. తెల్లవారి ఆరు దాటి కొద్ది నిమిషాలైంది. చాలామంది ఇంకా ఇళ్లలోనే ఉన్నారు. కొన్ని క్షణాల్లో కాంగ్రా, ధర్మశాల, పాలంపూర్ పట్టణాలు నేలమట్టమయ్యాయి. శాస్త్రవేత్తల లెక్కలో భూకంప తీవ్రత 7.8. చనిపోయినవాళ్లు దాదాపు ఇరవై వేల మంది. కాంగ్రా ఊళ్లోని వజ్రేశ్వరీదేవి గుడి కూలింది. ఇప్పుడు భక్తులు చూసేది తర్వాత కట్టింది. శతాబ్దాలపాటు సైన్యాలు ఆడుకున్న కోట ఆ ఒక్క ఉదయంతో పనికిరాకుండా పోయింది.

కారణం ఎదురుగానే ఉంది. భారత భూఫలకం ఉత్తరంగా జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడికే హిమాలయాలు లేచాయి. ధౌలాధార్ అంత నిటారుగా నిలబడింది కూడా అందుకే. ఒత్తిడి పోగుపడి పోగుపడి ఒకనాడు తెగితే భూకంపం. అందమైన ఆ గోడ, కూలిన ఈ కోట... రెండూ ఒకే కథలో భాగాలు.

రాయే గుడి

మర్నాడు మస్రూర్. ఉండవల్లి గుహలు చూసిన బెజవాడవాళ్లకు కొండను తొలిచిన గుళ్లు కొత్త కాదు. కానీ అక్కడ కొండ లోపలికి తొలిచారు. ఇక్కడ ఇసుకరాతి గుట్టను లోపలా బయటా కూడా చెక్కి, శిఖరాలతో సహా పూర్తి గుడిగా తీర్చారు. ఎనిమిదో శతాబ్దం నాటి పని. పని మాత్రం పూర్తికాలేదు. గర్భగుడిలో ఇప్పుడు సీతారామలక్ష్మణులున్నారు. పాండవులు కట్టారని ఊరివాళ్ల నమ్మకం.

గుడి ముందు కోనేరు. గాలి ఆగినప్పుడు శిఖరాలన్నీ నీళ్లలో తలకిందులుగా కనిపిస్తాయి. రాతిమెట్లెక్కి పైకప్పు మీదికి వెళ్తే ఎదురుగా ధౌలాధార్. ఇక్కడా పగుళ్లు, ఊడిపడ్డ రాతిముక్కలు. 1905 ఈ ఏకశిలనూ వదల్లేదు.

మూడో రోజు త్రియుండ్ నడక. గల్లూ దేవి గుడి నుంచి సుమారు ఆరు కిలోమీటర్లు. దేవదారు, రోడోడెండ్రాన్ చెట్ల మధ్య దారి. గుంపుతో కొండెక్కేటప్పుడు ఒకటే సూత్రం... అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లే ముందుండాలి. మొదట కుర్రాళ్లు ఉరికారు. గంట తర్వాత ఆయాసపడుతూ రాళ్లమీద కూలబడ్డారు. మాస్టారు చిన్న అడుగులేసుకుంటూ వాళ్లను దాటి వెళ్లిపోయారు!

నాలుగో రోజు బీర్‌కు వెళ్తూ దారిలో బైజ్‌నాథ్‌లో ఆగారు. శాసనాల ప్రకారం 1204లో ఇద్దరు వర్తక సోదరులు కట్టించిన శివాలయం. రావణుడు కైలాసం నుంచి తెస్తున్న లింగం ఇక్కడే నేల తాకిందని స్థలపురాణం. ‘అదేమిటి, అది గోకర్ణం కదా!’ అన్నారు ‘భూకైలాస్’ సినిమా చూసిన పెద్దవాళ్లు. కథ ఒకటే, ఊరు వేరు. శివభక్తుడన్న గౌరవంతో ఇక్కడ దసరాకు రావణుడి బొమ్మ తగలబెట్టరు. 1905లో దెబ్బతిన్నా ఈ గుడి నిలబడింది. ఎనిమిది వందల ఏళ్ల రాతిని తాకుతుంటే ఎవరికీ మాట రాలేదు.

ఒక రోజు ఖరీదు

ఇక బిల్లింగ్. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచకప్ పోటీ జరిగిన చోటు. ఇక్కడ ఎగరడానికి కారణం మళ్లీ ఆ పర్వతమే. ఎండకు వాలు వేడెక్కుతుంది. దాన్ని తాకిన గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ గాలి ఆసరాతోనే ఇంజిన్ లేని గుడ్డరెక్క మనిషిని మోస్తుంది. గాలి గతి తప్పితే అదే రెక్క ముడుచుకుపోతుంది. ఈ కొండల్లో ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి.

‘ఇంకో వెయ్యి ఎక్కువిస్తామని చెప్పు బాబాయ్’ అన్నాడు ఓ కుర్రాడు. పైలట్ నవ్వి, గ్లైడర్ మడతపెట్టేశాడు. డబ్బు తీసుకుని ఎగరేవాడికంటే వద్దనుకుని మడతపెట్టేవాడినే నమ్మాలి. కానీ చిక్కేమిటంటే మర్నాడు మెక్లియోడ్‌గంజ్. దలైలామా ఉండే ఊరు, బౌద్ధాలయం, కొనుగోళ్లు. ఎగరనివాళ్లు ఎదురుచూసిందే ఆ రోజు కోసం. మరునాటి రాత్రికే పఠాన్‌కోట్‌లో రైలు. ఏదో ఒకటే కుదురుతుంది.

రాత్రి భోజనాల దగ్గర చర్చ మొదలైంది. ఆకు విస్తళ్లలో కాంగ్రా ధామ్... నేల మీద పంక్తిలో కూర్చోబెట్టి అన్నం, పెరుగుతో వండిన సెనగల మద్రా, పులుపు కూర, చివర్లో తీపి అన్నం. అచ్చం మన పెళ్లిభోజనమే! కాసేపు ఎవరూ తగ్గలేదు. చివరికి అందరికంటే ఎక్కువగా మెక్లియోడ్‌గంజ్ అన్న పెద్దావిడే, ‘పిల్లలు ఎగరనీండి. షాపులు ఎక్కడికీ పోవు’ అన్నారు.

మర్నాడు గుడ్డపీలిక నిలకడగా ఊగింది. ‘కాళ్లు నేల వదిలేదాకా పరుగు ఆపొద్దు, మధ్యలో కూర్చోవద్దు’... పైలట్లు చెప్పింది అంతే. నాలుగు అడుగులు, ఐదు అడుగులు... కింద నేల లేదు! తేయాకు తోటలు, మెట్లపొలాలు, టిబెటన్ మఠాల పసుపు కప్పులు. ఓ పక్క తెల్లటి ధౌలాధార్. ఇరవై నిమిషాల తర్వాత బీర్ మైదానంలో దిగారు. ఎనిమిది మందిలో ఒకాయన చివరిక్షణంలో వద్దనుకున్నారు. ఆయన్ను ఎవరూ ఆటపట్టించలేదు. కోట చూసొచ్చినవాళ్లు కదా, కొండ ముందు వెనకడుగు వేయడం పిరికితనం కాదని వాళ్లకు తెలుసు.

వెళ్లాలనుకుంటే...

ఢిల్లీ నుంచి రైల్లో పఠాన్‌కోట్, అక్కడి నుంచి ధర్మశాల సుమారు 90 కిలోమీటర్లు. గగ్గల్‌లో విమానాశ్రయం ఉంది. 1929లో మొదలైన పఠాన్‌కోట్-జోగిందర్‌నగర్ బుల్లిరైలు ముచ్చటైనదే కానీ, 2022 వరదల్లో చక్కీ నది మీద దాని వంతెన కూలింది. రైళ్ల సంగతి ముందే కనుక్కోవాలి.

పారాగ్లైడింగ్‌కు మార్చి నుంచి జూన్, మళ్లీ సెప్టెంబరు చివరి నుంచి నవంబరు అనుకూలం. వానాకాలంలో నిషేధం. పైలట్‌కు లైసెన్సు ఉందో లేదో అడిగి చూడటానికి మొహమాటపడొద్దు. అన్నిటికంటే ముఖ్యం... ప్రయాణంలో ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. అది కొండకోసం!