కావేరీతీరమున నీటికుక్కలు

తలకావేరిని దర్శించి, నదివెంట శ్రీరంగపట్టణమువఱకు దిగివచ్చిన మా యాత్రలో దేవాలయములతోపాటు మఱియొక వింతయు మాకు గోచరించినది. క్షేత్రమహిమలను బలువురు వ్రాసియున్నారు గాన, నదినే నమ్ముకొని బ్రదుకు నీటికుక్కలనుగూర్చి సోదరీమణులకు విన్నవించెదము.

పడమటి కనుమలలో వాగులు శిలలనడుమ సన్నగా బాఱును. పొట్టిగోళ్ల నీటికుక్కకు నచ్చినది యట్టి తావు. ప్రపంచమందలి నీటికుక్కలలో నిదియే మిక్కిలి చిన్నది. తూకము అయిదు కిలోలు మించుట యరుదు. గోళ్లు వ్రేళ్లకొనలను దాటవు. కావున, కాగులో జాఱిన చెంబును మనము తడవి తీసినట్లు, రాళ్లక్రింద వ్రేళ్లు జొనిపి పీతలను బట్టి తినును. భాగమండలమునకు దిగువ నొక వాగుగట్టున, బండపై బీతచిప్పల తునుకలతో నిండిన దాని మలమును మాత్రమే చూడగలిగితిమి. కాఫీతోట కావలివాడు చూపనిచో నదియు దెలియకపోయెడిది.

శ్రీరంగపట్టణమునకు జేరువ రంగనతిట్టువద్ద నది విశాలము. పక్షిశాస్త్రజ్ఞుడగు సలీం ఆలీగారి ప్రేరణమున 1940లో నచ్చటి దీవులు పక్షులకు శరణాలయమైనవి. పడవలో బోవుచుండగా మాకు గనబడినవి నునుపుబొచ్చు నీటికుక్కలు. ఏడు మొదలు పదునొకండు కిలోలు తూగు నీ జంతువులు కుటుంబముగా గూడి, యీదుచు, చేపలను దఱిమి పట్టును.

ఒకే కుదురునకు జెందినవైనను వీనికి గలహము లేల కలుగవు? ఒక యింటి తోడికోడండ్రలో నొకతె పొయ్యియొద్దను మఱియొకతె పాడియొద్దను మెలగినట్లు, ఒకటి పీతలను, ఒకటి చేపలను గోరుటయే కారణము. సయాము దేశపు హువాయి ఖా ఖేంగ్ అడవిలో నీ రెండింటితో మూడవజాతియు నొకే నదిని బంచుకొనుచున్నట్లు 1994లో వెలువడిన పరిశోధన తెలుపుచున్నది. అచ్చట పెద్దది పెద్దచేపలను, చిన్నది పీతలను, మూడవది చేపలతోపాటు గప్పలను దినుచున్నది.

అయితే యీ పంపకము నది నిండుగా నున్నంతవఱకే. తోటల పురుగుమందు వాగులలో గలసిన బీతలు నశించును. మందుగుండుతో జేపలు పట్టినచో మడుగులు శూన్యమగును. ఇసుక త్రవ్వినచో గట్టుననున్న బొరియలు కూలును. చర్మముకొఱకును, ముద్దుజంతువులుగా నమ్ముటకును వీనిని బట్టుట మఱియొక కీడు. 2019లో నీ రెండుజాతుల విదేశవ్యాపారమును బలుదేశములు గూడి నిషేధించినవి. చట్టము వేటగానిని నిలుపవచ్చును. వాగులో నీటిని నింపజాలదు. కొండవాగు చెడినచో దిగువనున్న పెద్దనదియు జెడును. ఆ నీరే కదా మన బిందెలలోనికి వచ్చుచున్నది!