పొద్దుపొడుపుకు పన్నెండు గంటలు!

బాలలూ, తెల్లవారి సూర్యుడు పైకి వచ్చే వేళ ఎవరైనా మీతో, "ఇప్పుడు పన్నెండు గంటలయింది" అంటే మీరేమంటారు? ఆయన గడియారం చెడిపోయిందంటారు. కాని ఆ వేళను పన్నెండు అనే లెక్కపెట్టుకునే దేశం ఒకటున్నది. అది ఆఫ్రికా ఖండానికి తూర్పున ఉన్న ఇథియోపియా. 1987లో నేను ఇంగ్లీషు చెప్పడానికి ఆ దేశపు రాజధాని అడిస్ అబాబాకు వెళ్ళి, రెండేళ్ళు అక్కడ ఉన్నాను.

అడిస్ అబాబా అంటే వారి అంహారిక్ భాషలో "కొత్త పువ్వు" అని అర్థం. 1886లో వెలసిన నగరమది. సముద్రమట్టానికి 2,300 మీటర్లకు పైన ఉంటుంది. మన తిరుమల కొండకు రెట్టింపు ఎత్తు కన్న ఎక్కువే. అందుచేత భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నా అక్కడ ఉక్కపోత లేదు. కొత్తవాళ్ళకు మాత్రం నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. నాకు ముందే మన దేశపు ఉపాధ్యాయులు ఎందరో అక్కడ పనిచేశారు. అందుకే నన్ను చూడగానే పచారీ దుకాణంవాడు కూడా, "టీచరా?" అని అడిగేవాడు.

నేను సెప్టెంబరు నెలలో బడిలో చేరాను. నా పాస్‌పోర్టులో ఉన్నది 1987. నల్లబల్ల మీద రాసి ఉన్నది 1980! ఒక్క ప్రయాణంతో నాకు ఏడేళ్ళ వయసు తగ్గిందని నవ్వుకున్నాను. వారి సంవత్సరాది సాధారణంగా సెప్టెంబరు 11న వస్తుంది, నాలుగేళ్ళకొకసారి 12న వస్తుంది. వారికి ఏడాదికి 13 నెలలు. పన్నెండు నెలలకు ముప్ఫయ్యేసి రోజులు, మిగిలిన అయిదారు రోజులూ కలిపి పదమూడో నెల.

ఇక చదువు సంగతి. పెద్ద తరగతుల్లో పాఠాలన్నీ ఇంగ్లీషులోనే చెప్పేవాళ్ళం. కాని ఇంగ్లీషులో "తాగుతాను" అన్న మాట "టీ"కి ముందు వస్తుంది గదా! అక్కడి పిల్లలు దాన్ని వాక్యం చివరికి నెట్టేవారు. నాకు ఆశ్చర్యం కలగలేదు. మన ఊళ్ళో పిల్లలూ అంతే చేస్తారు. ఎందుకంటే తెలుగులో మాదిరే అంహారిక్ భాషలోనూ క్రియ చివరనే వస్తుంది. వారి అక్షరాలకు మనలాగే గుణింతం కూడా ఉన్నది. ఒక్కొక్క హల్లుకు ఏడు రూపాలు. "లె, లు, లీ, లా, లే, ల్, లో" అంటూ చిన్నపిల్లలు గొంతెత్తి వల్లిస్తుంటే నేను మా వీధిబడిలో కూర్చున్నట్టే ఉండేది.

అన్నిటికన్న కష్టమైంది గంటల పాఠం. అక్కడ ఏడాది పొడుగునా పగలూ రాత్రీ ఇంచుమించు సమానం. కనక పొద్దుపొడుపు నుంచే వారు గంటలు లెక్కపెడతారు. మన ఏడు వారికి ఒంటిగంట, మన ఎనిమిది వారికి రెండు. సాయంత్రం ఆరింటికి మళ్ళీ పన్నెండు, అక్కణ్ణుంచి రాత్రి గంటలు మొదలు. ఇది వింత అనుకోకండి. మన పంచాంగంలో కూడా గడియలను సూర్యోదయం నుంచే లెక్కిస్తారు. గడియ అంటే 24 నిమిషాలు, రోజుకు 60 గడియలు.

మా బడిలో పన్నెండో తరగతి కుర్రవాడొకడు ఉండేవాడు. తండ్రి లేడు. తల్లి ఇంజెర అనే రొట్టెలు కాల్చి అమ్మి వాణ్ణి చదివించేది. ఒక కార్యాలయంవారు ఉద్యోగ శిక్షణకు పరీక్ష పెడుతూ వాడికి ఇంగ్లీషులో ఉత్తరం రాశారు. అందులో "శనివారం 2 గంటలకు" అని మాత్రమే ఉంది. ఇంగ్లీషు ఉత్తరం గనక ఇంగ్లీషు లెక్కే అనుకుని వాడు ఉతికిన చొక్కా తొడుక్కుని మధ్యాహ్నం రెండింటికి వెళ్ళాడు. పరీక్ష పొద్దున ఎనిమిదింటికే జరిగిపోయింది!

సోమవారం వాడు నా దగ్గరకు వచ్చి, "టీచర్, మీరు నేర్పినట్టే చదివాను" అన్నాడు. ఏడవలేదు. అందుకే నాకు మరీ కష్టమనిపించింది. వాణ్ణి వెంటబెట్టుకుని ఆ కార్యాలయానికి వెళ్ళాను.

"ఈ ఊళ్ళో పెరిగినవాడికి రెండంటే తెలియదా?" అన్నాడు అధికారి.

"తెలుసు. రెండు రకాల రెండు తెలుసు. మీరు ఏ రెండో రాయలేదు. పొద్దున అన్న ఒక్క మాట చాలు గదా!" అన్నాను.

ఆయన చాలాసేపు ఆ ఉత్తరం వంక చూశాడు. జరిగిపోయిన పరీక్ష మళ్ళీ పెట్టడం వీలుకాదన్నాడు. కాని మరుసటి ఏటి జాబితాలో వాడి పేరు రాసుకున్నాడు. ఆ ఏడాదంతా కుర్రవాడు ఒక దుకాణంలో లెక్కలు రాసి తల్లికి సాయపడ్డాడు. రెండోసారి వచ్చిన ఉత్తరంలో వేళ రెండు లెక్కల్లోనూ ఉంది. వాడు పరీక్ష నెగ్గాడు.

బాలలూ, ఇంగ్లీషు నేర్చుకున్నంత మాత్రాన ఆ కుర్రవాడి అమ్మ గంటలు తప్పయిపోవు. ఆమె లెక్క ఆమె పనికి సరిపోతుంది. కాని మనం రాసింది మరొకరి చేతికి వెళుతుంది. వారు ఏ లెక్కలో చదువుకుంటారో ఆలోచించి రాయాలి. ఆ శ్రద్ధ లేకపోతే ఎన్ని భాషలు వచ్చినా ఒకరి మాట ఒకరికి అందదు. మాటల అర్థాలు నిఘంటువులో దొరుకుతాయి, మనుషుల లెక్కలు మాత్రం వాళ్ళను అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు మీకో చిన్న లెక్క. అడిస్ అబాబా కాలం మన కాలానికన్న రెండున్నర గంటలు వెనక. మన దగ్గర ఉదయం పదకొండున్నర అయినప్పుడు అక్కడి అవ్వ ఒకామెను "గంటెంత?" అని అడిగితే ఏమంటుంది? కిటుకు ఒకటి చెబుతాను. ముందు రెండున్నర గంటలు తీసివేయండి. తరవాత గడియారంలో ఆ అంకెకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంకెను చూడండి. జవాబు ముందు మీరు చెప్పి, ఆ తరవాత ఇదే ప్రశ్న మీ నాన్నగారిని అడగండి!