ఆటలో ఆరో ర్యాంకు, పరీక్షలో నాలుగు మార్కులు

మన గోడపత్రికలో నేను రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించగలరు.

మాది ములుగు జిల్లా తాడ్వాయి దిక్కు ఒక కోయగూడెం. ఇంట్లో కోయ మాట్లాడుతం. హనుమకొండ హాస్టల్‌కు వచ్చినంక తెలుగు బాగ వచ్చింది. ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న.

ఈ ఏడు సైన్సు సార్ కంప్యూటర్ గదిలో ఆన్‌లైన్ క్విజ్ ఆట పెట్టిండు. ఇట్లాంటి ఆటలు చాలా ఉన్నాయి. 2013లో నార్వే దేశం నుంచి కహూట్ వచ్చింది. 2015లో మన బెంగళూరులోనే క్విజిజ్ మొదలైంది, 2025లో దాని పేరు వేగ్రౌండ్ అని మార్చారు. మేము ఆడినదాంట్ల ప్రశ్నకు 20 సెకన్లు. సరైన జవాబు ఎంత జల్ది నొక్కితే అన్ని ఎక్కువ పాయింట్లు. ప్రశ్న ప్రశ్నకూ తెర మీద ర్యాంకులు.

మొదటి రోజు నేను ఇంగ్లీషు ప్రశ్నను తెలుగులోకి మార్చుకొని, కోయలో ఆలోచించే సరికి టైము అయిపోయేది. తెలిసిన జవాబులు కూడ పోయినయి. అందరికన్న ఆఖరున నా పేరు. అందరు నవ్విండ్రు. నేనూ నవ్విన. కాని ఆ రాత్రి అన్నం సయించలేదు.

రెండోసారి ఒక ఉపాయం చేసిన. ప్రశ్న చదవకుండనే ఏదో ఒక రంగు టక్కున నొక్కిన. అదృష్టం కొద్ది పదిలో ఆరు తగిలినయి. ఆరో ర్యాంకు! చప్పట్లు కొట్టిండ్రు. "ఈ పాఠం అందరికి వచ్చినట్టే" అని సార్ కణజాలాల పాఠం ముగించిండు.

వారం తర్వాత స్లిప్ టెస్టు. 25కు నాకు 4. సార్ తిట్టలేదు. "ఆటలో వచ్చింది ఇప్పుడు ఎటు పోయింది?" అన్నడు. అప్పుడు నిజం చెప్పిన. ఇంకో ముగ్గురు కూడ మేమూ అట్లనే చేసినమని లేచి నిలబడ్డరు.

తెల్లారి సార్ ప్లికర్స్ అనే పద్ధతి తెచ్చిండు. మాకు కంప్యూటర్ అక్కరలేదు. ఒక్కొక్కరికి ఒక కాగితం కార్డు. ఒకరి కార్డు మీది గుర్తు ఇంకొకరిలా ఉండదు, కాబట్టి చూసి కొట్టలేము. మన జవాబు అక్షరం పైకి వచ్చేటట్టు పట్టుకుంటే సార్ ఫోన్ కెమెరా చదువుకుంటది. సార్ ప్రశ్నను తెలుగులో కూడ చెప్పిండు. టైము పెట్టలేదు, ర్యాంకులు చూపలేదు.

"చెట్టు చుట్టూ బెరడు ఒలిస్తే ముందు ఏది ఆగిపోతది?" చాలామంది నీళ్లు అన్నరు. నేను ఆహారం అని పట్టుకున్న. ఎందుకని సార్ అడిగిండు. "అట్ల ఒలిచినా కొన్నాళ్లు ఆకులు పచ్చగనే ఉంటయని మా తాత చెప్పిండు సార్" అన్న. సార్ బోర్డు మీద బొమ్మ గీసిండు. నీళ్లు మోసే దారువు లోపలి కట్టెలో ఉంటది. ఆకుల్లోని ఆహారాన్ని కిందికి మోసే ఫ్లోయం బెరడు వైపు ఉంటది. అందుకే ఆకులకు నీళ్లు అందుతనే ఉంటయి, వేర్లకు తిండి అందక చెట్టు మెల్లగ చస్తది. ఆ రోజు పాఠం మళ్ళీ మొదటినుంచి చెప్పిండు.

మిత్రులారా, ఆట మంచిదే. కాని ఎవరికి ఏది రాలేదో సార్‌కు తెలియడానికే అది. గుడ్డిగ నొక్కితే సార్‌ను కాదు, మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. వార్డెన్ సార్‌కు ఒక మనవి: ఆ ప్రశ్నలనే రాత్రి స్టడీ అవర్లో బోర్డు మీద రాసి, నిదానంగ చెయ్యనిస్తే నాలాంటి వాళ్లకు మేలు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి, 9వ తరగతి