అప్పు లేని పందిరి

పెళ్లి తంతుకు నిజంగా కావలసిన సామానంతా ఒక బుట్టలో పడుతుంది. జీలకర్ర, బెల్లం, పసుపు కుంకుమలు, తమలపాకులు, పసుపు తాడు, రెండు పుస్తెలు, కొబ్బరి బొండాం, తలంబ్రాలకు బియ్యం, హోమానికి నెయ్యి, నాలుగు సమిధలు, అడ్డుతెరకు ఒక గుడ్డ, వధూవరులకు మధుపర్కాలు. పురోహితుడు రాసిచ్చే చీటీ చదివితే అందులో సగం సరుకులు వంటింట్లోనే కనిపిస్తాయి. తంతు విషయంలో చట్టం కూడా ఇంతకు మించి అడగదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఏడో సెక్షన్ ఆచారం ప్రకారం తంతు జరగాలంటుంది. సప్తపది ఉన్నచోట ఏడో అడుగు పడగానే పెళ్లి పూర్తయినట్టేనంటుంది. పెళ్లంటే ఆటపాటలకూ విందులకూ పెట్టుకున్న సందర్భం కాదనీ, తంతును గౌరవించాలనీ సుప్రీంకోర్టు 2024లో ఒక తీర్పులో గుర్తుచేసింది కూడా. మరి లక్షలు ఎక్కడ పోతున్నాయి? చూడవచ్చేవాళ్ల కోసం పోతున్నాయి. పెళ్లి ఖర్చు తగ్గించాలనుకునే వాళ్లు ముందుగా తేల్చుకోవలసింది ఇదే.

కోనసీమలో మా తమ్ముడి కూతురి పెళ్లి ఇంటి ముందు పందిట్లో చేశాం. అలా చేయాలని పట్టుబట్టింది ఆ పిల్లే. మా తమ్ముడు ఊరి బయట ఫంక్షన్ హాలు మాట్లాడి, అప్పు కోసం ఒకరిద్దరిని కదిలించి వచ్చిన రోజున అది నా దగ్గర కూర్చుంది. "అత్తా, నాన్నకు నువ్వు చెబితే వింటాడు. అయిదు లక్షలు తెస్తే రెండు రూపాయల వడ్డీకి నెలకు పదివేలు. ఆ పదివేలు సంపాదించడానికి నాన్న ఇంకా ఎన్నాళ్లు కష్టపడాలి?" అంది. నూటికి రెండు రూపాయలంటే మనకు చిన్న మాటగా వినిపిస్తుంది. ఏడాదికి లెక్క కట్టి చూస్తే లక్షా ఇరవై వేలు. అసలులో ఒక్క రూపాయి కూడా తరగకుండా పోయే డబ్బు అది. ఒక్కపూట ముచ్చటకు ఏళ్ల తరబడి వడ్డీ కట్టిన ఇళ్లు మన వీధుల్లో ఎన్ని లేవు?

బడ్జెట్ అనగానే అందరూ పూల దగ్గరా, లైట్ల దగ్గరా బేరాలు మొదలుపెడతారు. అసలు ఖర్చును నిర్ణయించేది పిలుపుల జాబితా. భోజనం ప్లేటు అయిదు వందలనుకుంటే 500 మందికి రెండున్నర లక్షలు, 150 మందికి 75 వేలు. మనుషులు తగ్గితే హాలు అవసరం పోతుంది. హాలు పోతే అలంకరణ పోతుంది, జనరేటరు పోతుంది, స్టేజీ పోతుంది. జాబితా తగ్గకుండా బంతిపూల దగ్గర ఎంత బేరమాడినా మిగిలేది కొసరే.

అయితే జాబితాలో పేరు కొట్టేయడం అన్నిటికన్నా కష్టమైన పని. మా తమ్ముడు మొదట రాసిన జాబితాలో ఎప్పుడో తనతో కలిసి పనిచేసినవాళ్లు, వాళ్ల బావమరుదులు కూడా ఉన్నారు. చివరికి ఒక్క నియమం పెట్టుకున్నాం: పెళ్లికూతురో పెళ్లికొడుకో ఎదురుపడితే పేరు పెట్టో వరస పెట్టో పలకరించగలిగిన వాళ్లనే పిలవాలి. ఇంటి పెద్దవాళ్ల తోబుట్టువులకు మాత్రం ఈ నియమం లేదు. రెండు వైపులా కలిపి నూట యాభై దగ్గర ఆగాం.

అక్కడ అడ్డొచ్చింది చదివింపుల పుస్తకం. మన పెళ్లిళ్లలో చదివింపులు ఊరంతా కలిసి వేసుకునే చీటీపాట వంటివి. వాళ్లింట్లో మనం నూట పదహార్లు చదివిస్తే మనింటి శుభకార్యానికి వాళ్లు ఇంకాస్త కలిపి చదివిస్తారు. లేనివాళ్ల ఇళ్లలో పెళ్లి ఖర్చు ఒడ్డున పడేసేది చాలాసార్లు ఆ డబ్బే, కాబట్టి దాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. మా మరదలు ఆ పాత పుస్తకం తెచ్చి ముందు పెట్టుకుని, "వదినా, వీళ్లందరికీ మనం పెట్టాం. ఇప్పుడు పిలవకపోతే పెట్టింది పోయినట్టేగా?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. కానీ ఆ పెట్టింది రాబట్టుకోవాలంటే వాళ్లందరికీ భోజనాలు, వాళ్లను కూర్చోబెట్టడానికి హాలు, హాలుకు అప్పు. వచ్చేదానికన్నా పోయేదే ఎక్కువని కాగితం మీద లెక్క కనిపించాక ఒప్పుకుంది. శుభలేఖ కింద చదివింపులు వద్దని వేయించాం. పిలవని వాళ్లకు మా తమ్ముడు స్వయంగా ఫోను చేసి, "ఇంట్లోనే చిన్నగా చేసుకుంటున్నామండి, మీ ఆశీస్సులు కావాలి" అని చెప్పాడు. ఆ ఫోన్లకు పట్టిన ఓపిక పెళ్లి పనుల్లో మరి దేనికీ పట్టలేదు.

శుభలేఖలు చాలామందికి వాట్సాప్‌లోనే పంపినా కొన్ని అచ్చు వేయించుకోవడం మంచిది. పెళ్లి రిజిస్ట్రేషన్‌కు శుభలేఖ, పెళ్లి ఫొటో, వయసు రుజువులు, ముగ్గురు సాక్షులు సిద్ధంగా ఉంటే పని సులువవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన చట్టంతో రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. తంతు వద్దు, సంతకాలు చాలనుకునే జంటలకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ముప్పై రోజుల ముందు నోటీసు ఇచ్చి, ముగ్గురు సాక్షుల ముందు సంతకం చేస్తే సరిపోతుంది.

ముహూర్తానికీ డబ్బుకూ ఉన్న సంబంధం చాలామంది పట్టించుకోరు. మూఢం వెళ్లాక, శూన్య మాసం దాటాక వచ్చే మొదటి బలమైన ముహూర్తానికి ఊళ్లో ప్రతి వీధిలోనూ బాజాలు మోగుతాయి. ఆ రోజున వంటవాళ్లు దొరకరు, సన్నాయి మేళం దొరకదు, మల్లెపూల ధర కొండెక్కి కూర్చుంటుంది. పురోహితుణ్ని అడిగితే ఇద్దరి నక్షత్రాలకూ సరిపడే ముహూర్తాలు నాలుగైదు రాసిస్తారు. వాటిలో జనం ఎగబడని పగటి ముహూర్తం ఎంచుకుంటే చాలు. పగటి పెళ్లికి దీపాల ఖర్చు లేదు, చుట్టాలు రాత్రికి ఇళ్లకు చేరిపోతారు, విడిది గదుల గొడవే ఉండదు. మేం ఫాల్గుణంలో అలాంటి ముహూర్తమే పెట్టుకున్నాం.

ఇంటి ముందు ఖాళీ లేని పట్నం వాళ్లకు గుడి ఉంది, అపార్ట్‌మెంట్ డాబా ఉంది. అన్నవరం కొండ మీద సత్యనారాయణస్వామి సన్నిధిలో ఏటా ఎన్నో జంటలు ఒక్కటవుతున్నాయి. తిరుమలలో దేవస్థానం వారి కల్యాణ వేదికలో పురోహితుణ్నీ మంగళవాద్యాలనూ ఉచితంగానే సమకూరుస్తారు.

పందిరి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. షామియానా అద్దెకు తెస్తే అరగంటలో లేస్తుంది, కానీ కింద కూర్చున్నవాళ్లకు ఫాల్గుణపు ఎండకే ఉక్కపోస్తుంది. మా పెరట్లోవి, పొరుగువాళ్లవి కొబ్బరి మట్టలు దింపించాం. పచ్చి మట్టను మధ్య ఈనె వెంట నిలువునా చీల్చి, రెండు ముక్కల్నీ వీపు వీపు ఆనించి, ఆకుల్ని ఒకదాని మీదుగా ఒకటి తప్పిస్తూ అల్లుకుంటూ పోతే తడిక తయారవుతుంది. మా వీధి చివరి తాతగారు ముందు రెండు అల్లి చూపించారు. తరువాత పెళ్లికొడుకు స్నేహితులు కూడా వచ్చి కూర్చున్నారు. మొదట అల్లినవాటిలో సందులు పడ్డాయి, నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి చేతులు తిరిగాయి. వెదురు గడల మీద ఆ తడికలు పరిచి, గుంజలకు అరటి బోదెలు కట్టి, మామిడాకు తోరణాలు గుచ్చితే ఇంకే అలంకరణా అక్కర్లేకపోయింది. పచ్చి కొబ్బరాకు వాసనా, దాని కింది చల్లదనమూ ఏ హాలూ ఇవ్వలేదు.

ఎందులో తగ్గించినా భోజనంలో తగ్గించకూడదు. రకాలు తగ్గించవచ్చు, రుచి తగ్గకూడదు. మా వంట మాస్టారు కూర్చుని మనిషికి నూరు గ్రాముల లెక్కన అన్నానికి పదిహేను కిలోల బియ్యం, పులిహోరకు మరో నాలుగు, పప్పుకూ పులుసుకూ కలిపి అయిదు కిలోల కందిపప్పు, ఇరవై లీటర్ల పెరుగు అని చిట్టా రాయించారు. మనిషికి రెండు పూర్ణం బూరెలు. వాటికి మూడున్నర కిలోల శనగపప్పు, అంతే బెల్లం. మామిడికాయ పప్పు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, గుత్తి వంకాయ, ఒక పచ్చడి, అప్పడాలు. స్వీట్లు ఆరు రకాలూ ఐస్‌క్రీమూ లేవని ఎవరూ అడగలేదు, వేడి బూరెలో చిల్లు పెట్టి నెయ్యి పోయించుకునే హడావుడిలో ఉన్నారు. యాభై మంది చొప్పున మూడు బంతులు వేశాం, అరిటాకుల్లో వడ్డించాం. కూర్చుని తినేవాళ్లకు మారు వడ్డన అడిగి వేస్తాం కాబట్టి ఆకుల్లో వదిలేసింది చాలా తక్కువ. గుండిగలు, గరిటెలు, కుర్చీలు సప్లై కంపెనీ నుంచి వచ్చాయి. దింపేటప్పుడే ప్రతిదీ లెక్కపెట్టి కాగితం మీద రాసుకోవాలి, లేకపోతే పోయిన గరిటెల ఖరీదు మన నెత్తిన పడుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలనుంది. సొంతంగా చేసుకోవడమంటే ఇంటి ఆడవాళ్లు చాకిరీ చేయడం కాదు. హాలుకు ఇవ్వని డబ్బును పెళ్లికూతురి తల్లి నడుం మీద నుంచి వసూలు చేస్తే అది పొదుపు అనిపించుకోదు. అందుకే వంటకూ అంట్లకూ డబ్బిచ్చి మనుషుల్ని పెట్టుకున్నాం. మిగతా పనులన్నీ ఒక కాగితం మీద రాసి ఎదురుగా పేర్లు వేసి గోడకు అతికించాం. వడ్డన మగపిల్లలది, మంచినీళ్లు మా ఆయనది, పందిరి విప్పి సామాను అప్పజెప్పడం పెళ్లికొడుకు బాబాయిలది. మా మరదలి పేరు ఎదురుగా మా మేనకోడలు తన చేత్తో, "అమ్మ పని నా పక్కన కూర్చోవడం" అని రాసింది. తలంబ్రాలకు బియ్యంలో పసుపూ నెయ్యీ కలపడం తప్ప ఆమె చేత ఆ పూట ఇంకో పని చేయించలేదు.

సొంత చేతులతో చేసిన పెళ్లిళ్లకు మనకు గొప్ప చరిత్రే ఉంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు పిలిచినా రాని చుట్టాలే ఎక్కువ. వెలి భయానికి వంటవాళ్లూ నీళ్లవాళ్లూ మానుకుంటే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుంచి నీళ్లు మోసి, వండి వడ్డించారు. విద్యార్థులు పంతులుగారికి అండగా నిలిచారు. ఆ తరువాత త్రిపురనేని రామస్వామి చౌదరి గారు తెలుగులో వివాహవిధి రాసి, అర్థమయ్యే మాటల్లో పెళ్లిళ్లు జరిపించారు. నాస్తికవాది గోరా గారు తన పెద్ద కూతురికి కులం అడ్డుగోడ దాటించి 1948లో సేవాగ్రామ్‌లో నిరాడంబరంగా పెళ్లి చేశారు. దండల పెళ్లిళ్లు చేసుకుని నిండుగా కాపురాలు చేసిన జంటల్ని మన ముందు తరం కళ్లారా చూసింది. మొన్న 2020లో కరోనా కాలాన పెళ్లికి యాభై మందిని మించి రాకూడదని ప్రభుత్వం అన్నప్పుడు ఆ యాభై మందితోనే పెళ్లిళ్లు శుభంగా జరిగిపోయాయి. తప్పనిసరై చేయగలిగినదాన్ని ఇష్టపడి చేయలేమా?

అయితే ఇదంతా ఆడపిల్లవారు ఒక్కరే తలచుకుంటే అయ్యేది కాదు. మా వియ్యంకులు మొదటి మాటల్లోనే ఖర్చు చెరిసగం అన్నారు, కట్నం ఊసెత్తలేదు. పది గ్రాముల బంగారం లక్ష దాటిన రోజుల్లో వియ్యపురాలు తన పాత గొలుసు చెరిపించి కోడలికి పుస్తెలూ నల్లపూసలూ చేయించింది. 1961లోనే చట్టం నిషేధించిన కట్నం చేతులు మారుతుంటే పందిరి ఎంత చిన్నదైనా అది చిన్న పెళ్లి కాదు. ఆడపిల్ల తండ్రి దగ్గర అడిగి పుచ్చుకుని, ఆపైన నిరాడంబరంగా చేశామని చెప్పుకునే వాళ్లను నేను మెచ్చుకోలేను.

చిన్న పెళ్లి తలపెట్టేది వధూవరులే కావచ్చు, దాన్ని సాగనివ్వవలసింది మాత్రం బంధువులమైన మనం. తండ్రుల చేత అప్పు చేయించేది "మమ్మల్ని పిలవలేదేం?" అన్న మన అలకే. రేపు మీ పెదనాన్నగారి మనవరాలి పెళ్లికి పిలుపు రాకపోతే నొచ్చుకోకండి. ఆ రాత్రికి ఫోను చేసి పిల్లలిద్దరినీ నిండు మనసుతో దీవించండి. వీలున్న రోజున ఇంటికి పిలిచి భోజనం పెట్టి, బట్టలు పెట్టి పంపండి. పిలుపు వస్తే మాత్రం ముహూర్తం వేళకు చేరుకుని అక్షింతలు వేసి సరిపెట్టుకోకుండా, పొద్దున్నే వెళ్లి ఏదో ఒక పని అందుకోండి.