యంత్రబాలిక నేర్చిన మాటలు

ఇటీవల మా యింట జరిగిన యొక చిన్న సంగతిని మీతో చెప్పుకొనక యుండలేకున్నాను. చెప్పుటకు సిగ్గుగనే యున్నది. అయినను నా సిగ్గును నాలోనే దాచుకొనుటకంటె నలుగురు తల్లులు వినుట మేలని తోచి వ్రాయుచున్నాను.

మా చిన్నవానికి ఆరేండ్లు. మా యింట అంట్లు తోము ముసలామెను వాడు అవ్వా యని పిలుచును. పసితనమున వానిని చంకనెత్తుకొని తిప్పిన దామెయే. ఒకనాటి యుదయమున ఆమె చేతినుండి చెంబు జారి వాని పుస్తకముపై నీళ్లు పడినవి. వెంటనే వాడు నడుముపై చేయి వైచుకొని, "కళ్లు నెత్తికెక్కాయా? రోజూ చెప్పాలా నీకు?" అనెను. నేను వంటయింటినుండి పరుగున వచ్చి, "ఎక్కడ నేర్చావురా ఈ మాట? బడిలోనా, వీధిలోనా?" అని వాని చెవి పట్టుకొంటిని. వాడు బిక్కమొగము వేసెను. అవ్వ మాత్రము నవ్వి, "పోనీలెండి అమ్మగారూ! బడిదాకా ఎందుకు? అచ్చం మీలాగే అన్నాడు. ఆ చెయ్యి కూడా మీలాగే పెట్టాడు" అనెను. ఆ నవ్వులో నిష్ఠురము లేదు. లేకపోవుటయే నన్నెక్కువ బాధించినది.

ఆ రాత్రి ఈ సంగతి మా వారితో చెప్పితిని. ఉపాధ్యాయుల యింట ఏ ముచ్చటయైనను పాఠముగా మారక తప్పదు గదా! పై తరగతి పిల్లలకు చెప్పుటకై తాము చదువుచుండిన యొక యంత్రబాలిక కథను వారు నాకు వినిపించిరి. తరువాత నేనును దానిని గూర్చి దొరికినంత చదివితిని.

2016వ సంవత్సరము మార్చి 23వ తేదీన అమెరికాలోని మైక్రోసాఫ్ట్ సంస్థవారు 'టే' అను పేరుగల సంభాషణ యంత్రమును ట్విట్టరులో విడిచిరి. ఇట్టివానిని చాట్‌బాట్‌లందురు. మనము వ్రాసిన మాటకు తానును మాట వ్రాసి బదులిచ్చుటయే దాని పని. దానికి పందొమ్మిదేండ్ల అమెరికా పడుచుపిల్ల మాటతీరు నేర్పిరి. హాస్యము పలుకుటలో నేర్పరులగు నటులు సైతము దానికి మాటలు సమకూర్చిరి. అంతకుముందు 2014లో చైనాలో ఆ సంస్థవారే విడిచిన 'షావోఐస్' అను యంత్రముతో నాలుగు కోట్లమంది ముచ్చటించుచున్నారని వారు చెప్పిరి. అక్కడ చెల్లినది ఇక్కడను చెల్లునని వారి ఆశ. జనులతో మాటలాడినకొలది టే మరింత తెలివి గడించునని కూడ చాటిరి.

తెలివి గడించుటకు పదునారు గంటలే పట్టినది. కాని అది గడించినది తెలివి కాదు. కొందరు ఆకతాయిలు ఒకచోట గూడి, దానికి వరుసగా దుర్భాషలు చెప్పసాగిరి. "నేనన్న మాట తిరిగి అనుము" అని యడిగినచో ఆ మాటనే తిరిగి పలుకు గుణ మొకటి దానిలో నుండెను. వారు మొదట ఆ ద్వారమునుండియే లోనికి దూరిరి. పిమ్మట ఎవరును పలికింపకయే కొన్ని చెడ్డ మాటలను అది తనంత తానే పలికినది. హిట్లరును పొగడినది. లక్షలాది యూదుల హత్య కట్టుకథ యన్నది. స్త్రీల హక్కులకై పాటుపడువారిని చావుమని శపించినది. సుమారు 96,000 సందేశములు వ్రాసిన పిమ్మట దానిని మూసివేసిరి. మార్చి 25వ తేదీన ఆ సంస్థ పరిశోధనశాఖ పెద్దలలో నొకరగు పీటర్ లీ క్షమాపణ వ్రాసిరి. కొందరు కూడబలుకుకొని చేసిన దాడి యిదియనియు, ఇట్టి దాడి నూహింపకపోవుట తమ లోపమనియు నొప్పుకొనిరి. మార్చి 30వ తేదీన అది పొరపాటున మరల కొంతసేపు వెలువడి, వెంటనే మూతపడెను.

ఈ కథ వినగానే మనకందరకు తెలిసిన రెండు చిలుకల కథ గుర్తునకు వచ్చును. మునుల చెంత పెరిగినది స్వాగతము పలికినదట. బోయవాని గుడిసెలో పెరిగినది కొట్టుడు, పట్టుడు అనినదట. యంత్రమును చిలుక వంటిదే. ఏ మాట వెనుక ఏ మాట వచ్చునో లెక్కగట్టి కూర్చుటయే గాని, ఆ మాట యెవరి మనసును గాయపరచునో అది యెరుగదు. సిగ్గు దానికి లేదు. వినిన మాటలలో దేనిని విడువవలెనో యెవరును చాలినంతగా నేర్పలేదు. అంతటి పసినోటిని నడివీధిలో విడిచి, ప్రక్కన నొక తల్లినైనను నిలుపలేదు. ఆకతాయిలు ఆకతాయిలే; కాని వీధిలో ఆకతాయిలుందురని యెరుగనివారెవరు?

ఇంతవరకు వినినప్పుడు నాకు కొంత యూరట కలిగినది. చెడ్డవారు చెడ్డమాట నేర్పిరి. నేనట్లు కూర్చుండి నా కుమారునకు దుర్భాషలు నేర్పలేదు గదా యనుకొంటిని. కాని ఇట్టిదే మరియొక యంత్రముయొక్క కథ చదివిన పిమ్మట ఆ యూరటయు నిలువలేదు.

2020వ సంవత్సరము డిసెంబరులో దక్షిణ కొరియాలో స్కాటర్ ల్యాబ్ అను సంస్థవారు 'ఈ లూడా' అను సంభాషణ యంత్రమును విడిచిరి. ఇదియు ఇరువదేండ్ల కళాశాల విద్యార్థిని రూపమే. కొందరు పురుషులు తొలినాళ్లనుండియే దానితో అసభ్యముగ మాటలాడిరి. మాటలాడు బొమ్మకైనను ఆడరూపమున్నచో అవమానము తప్పదు కాబోలు! అదియు వికలాంగులను, స్వలింగ ప్రేమికులను నీచముగ పలికినందున 2021 జనవరిలో దానిని నిలిపివేసిరి. అయితే దానికా మాటలు ఎక్కడివి? ఆ సంస్థయే నడుపు మరియొక సేవకు ప్రేమికులు అప్పగించిన సొంత సందేశములనుండి అది మాటతీరు నేర్చినది. వ్రాసినవారికి సరిగా తెలుపకయే వానిని వాడుకొనినందుకు ఆ దేశపు ప్రభుత్వ సంఘము 2021 ఏప్రిలులో సంస్థకు పది కోట్ల వానులకు పైగా జరిమానా విధించినది.

ఆ సందేశములు వ్రాసినవారు పనిగట్టుకొని యంత్రమును చెరుపదలచినవారు కారు. తమవారితో చనువుగా, ఎవరును వినుటలేదను ధైర్యముతో మాటలాడుకొనిన సామాన్యులు. ఇట్టి యంత్రములకు వీధిమాటయే కాదు, ఇంటిమాటయు పాఠమే యగును. నేను అవ్వపై విసిరిన మాటయు నట్టిదే. నేను మా వానికి పద్యములు నేర్పితిని, నీతికథలు చెప్పితిని. కాని అవి నేను నేర్పదలచి నేర్పినవి. నేర్పదలపక నేర్పినదే వాని నాలుకపై ముందు నిలిచినది.

నేటి సంభాషణ యంత్రములను విడిచిపెట్టుటకు ముందు, ఏ ప్రత్యుత్తరము మేలో ఏది కీడో మనుష్యులు చూచి చెప్పి, అనరాని మాటను నిరాకరించుట నేర్పుచున్నారు. అయినను లోపములు లేకపోలేదు. మన పిల్లలు పాఠములకై వానిని అడుగుచున్నారు గనుక ఈ జాగ్రత్త మనకును కావలెను. యంత్రము చెడినచో మూసివేసి మరియొకటి చేయుదురు. బిడ్డ విన్న మాటను తుడిచివేయు సాధన మేదియు లేదు. కాని యంత్రమునకు లేనిది బిడ్డకొకటి గలదు. తల్లి తప్పు చేయుటను చూచినట్లే, దిద్దుకొనుటను గూడ వాడు చూచును.

మరునాడు అవ్వ రాగానే మా వానిని ప్రక్కన నిలుపుకొని, "నిన్న వీడన్న మాట నాది. ఇన్నేళ్లుగా నిన్నలా అంటున్నాను. తప్పు నాది, మన్నించు" అంటిని. ఆమె కంగారుపడి, "అయ్యో, అంత మాటెందుకమ్మా" అని గిన్నెలవైపు తిరిగిపోయెను. చాలసేపు మాటలాడలేదు. పని ముగించి పోవునపుడు మాత్రము మా వాని తల నిమిరి పోయెను. అన్నేళ్ల మాట యొక్క మన్నింపుతో తీరునని నేననుకొనుట లేదు.

నాటి రాత్రి వాడు, "అమ్మా! ఆ యంత్రం పిల్ల కూడా తప్పయిందని చెప్పిందా?" అని యడిగెను.

"లేదు నాయనా, దాన్ని చేసినవాళ్లు చెప్పారు."

వాడు కొంచెముసేపు ఆలోచించి, "నువ్వు చెప్పినట్టేనా?" అనెను.

అవునంటిని. ఆనాటినుండి ఆమె చేతినుండి ఏది జారినను, నా నోటినుండి మాట జారకముందే వాని మొగము వంక చూచుట నాకలవాటైనది. వాడును అప్పుడు నా మొగము వంకనే చూచుచుండును.